వసకొమ్ముకన్నా వినే చెవి

పసిగుడ్డు నాలుకకి వస రాయడం గోదావరి జిల్లాల్లో పాత అలవాటు. సానరాయి మీద వసకొమ్మును రెండు చుట్లు అరగదీసి, తల్లిపాలలోనో తేనెలోనో రంగరించి, చిటికెనవేలితో నాలుక మీద అద్దేవారు. అలా చేస్తే మాటలు తొందరగా వస్తాయని నమ్మకం. ఆ మొక్క పేరులోనే మాట ఉంది మరి... సంస్కృతంలో దాన్ని ‘వచ’ అంటారు. గలగలా మాట్లాడే పిల్లని ‘వసపిట్ట’ అని ముద్దు చేయడం, ఆపకుండా వాగేవాడిని ‘చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా ఏంటి?’ అని ఆటపట్టించడం అందుకే.

పిల్లల డాక్టర్లు మాత్రం వస వద్దంటారు. అందులో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం ప్రమాదకరమని అమెరికా 1968లోనే ఆహారంలో దాని వాడకాన్ని నిషేధించింది. ఏడాది నిండని పిల్లలకి తేనె కూడా పెట్టకూడదు. సరే, చాలా ఇళ్లలో వస మానేశారు. దాని వెనకున్న ఆలోచన మాత్రం పోలేదు. మాట అనేది పిల్లాడి నోట్లో ఎక్కడో చిక్కుకుని ఉందనీ, దాన్ని ఎవరో వచ్చి బయటికి లాగాలనీ! ఒకప్పుడు ఆ పని వసకొమ్ముది. ఇప్పుడు బడిది, లేదంటే వారానికోసారి తీసుకెళ్లే స్పీచ్ థెరపిస్టుది. ఇంట్లోవాళ్ల వంతు ఎదురుచూడటమే.

ఆ ఎదురుచూపు ఎలా సాగుతుందో ఏ ఊళ్లో అరుగు మీద కూర్చున్నా వినొచ్చు. పిల్లాడికి రెండేళ్లు నిండాయి. ‘అమ్మ’, ‘అత్త’ తప్ప మాటల్లేవు. ‘‘మగపిల్లలకి మాట ఆలస్యమేనే’’ అంటుంది మామ్మ. రెండున్నరేళ్లు వచ్చాయి. ‘‘అచ్చం మేనమామ పోలిక. వాడికీ నాలుగో ఏట గానీ నోరు పెగల్లేదు’’ అంటుంది అమ్మమ్మ. మూడేళ్లు వచ్చాయి. ‘‘చెప్పడు గానీ వీడికి అన్నీ తెలుసండి. ఆయ్!’’ అంటాడు తాతయ్య. ‘‘బళ్లో వేసెయ్యండి, నలుగురిలో పడితే అవే వస్తాయి’’ అని పక్కింటి పిన్నిగారి సలహా. ఈ మధ్యలో కోడలి మీద ఓ రాయి పడుతూనే ఉంటుంది. ‘‘నువ్వలా ముంగిలా కూర్చుంటే పిల్లాడికి మాటలెలా వస్తాయే?’’

మామ్మ చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. రెండేళ్లకి వెనకబడిన పిల్లల్లో చాలామంది తర్వాత వాళ్లంతట వాళ్లే అందుకుంటారు. చిక్కేమిటంటే, ఎవరు అందుకుంటారో ఎవరు అందుకోరో ఆ వయసులో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అందుకే వయసు కన్నా గుర్తులు చూడమంటారు నిపుణులు. ఏడాది, ఏడాదింబావు వచ్చేసరికి పేరు పెట్టి పిలిస్తే తిరగాలి, కావలసినదాన్ని వేలితో చూపించాలి. ఏడాదిన్నరకి కొన్ని మాటలైనా ఉండాలి. రెండు, రెండున్నరేళ్ల మధ్య ‘పాలు ఇయ్యి’, ‘నాన్న ఏడి’ అంటూ రెండు మాటలు కలపాలి. మూడేళ్లకి పొరుగువాళ్లకి కూడా చాలావరకూ అర్థం కావాలి. ఇవి లేకపోతే చూపించుకోవడం మంచిది. వచ్చిన మాటలు ఉన్నట్టుండి పోతే, అది ఏ వయసులోనైనా సరే, ఒక్కరోజు కూడా ఆగకూడదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది చెవి. ‘‘వెనకనుంచి గిన్నె పడేశాం, ఉలిక్కిపడ్డాడు. చెవులు బాగానే ఉన్నాయి’’ అనేది ప్రతి ఇంట్లో చేసే పరీక్ష. గిన్నె పడితే నేల అదురుతుంది, నీడ కదులుతుంది. వినపడకపోయినా పిల్లాడు ఉలిక్కిపడొచ్చు. ఇంకో సంగతీ ఉంది. ఉరుము, లారీ హారన్ వినపడే పిల్లాడికి ‘స’, ‘ష’ లాంటి సన్నని శబ్దాలు వినపడకపోవచ్చు. వాడికి మాట చిల్లుల గుడ్డలా చేరుతుంది. జలుబు చేసి మధ్యచెవిలో నీరు చేరినా వారాల తరబడి వినికిడి మందగిస్తుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో పుట్టు చెవుడుకి అవకాశం మరింత ఎక్కువ. ఓఏఈ, బెరా అనే పరీక్షలకి సూది లేదు, నొప్పి లేదు. పిల్లాడు నిద్రపోతుండగానే అయిపోతాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లల్ని పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయి కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. ఏఎన్ఎంనో, అంగన్‌వాడీ టీచర్‌నో అడిగితే దారి చెబుతారు.

లక్షలు ఖరీదు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు ఆరోగ్యశ్రీ వచ్చాక పేద పిల్లలకీ అందాయి. చెవిలో యంత్రం పెట్టారు కదా, ఇక మాట్లాడేస్తాడని అనుకున్నవాళ్లు చాలామంది. యంత్రం శబ్దాన్ని చేరవేస్తుంది, అంతే. ఆ శబ్దం ‘అమ్మ’ అనీ, ఇది కుక్కర్ కూత అనీ పిల్లాడు నేర్చుకోవాలి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే ఆడిటరీ వెర్బల్ థెరపీలో ఓ గట్టి నియమం ఉంది... తల్లో తండ్రో గదిలో ఉండి తీరాలి. థెరపిస్టు నేర్పేది ప్రధానంగా పెద్దవాళ్లకి. పిల్లాడికి నేర్పేది వాళ్లు.

ఆ నియమం వెనక ఓ చిన్న లెక్క ఉంది. రాజోలు వైపు లంక ఊళ్లలోని తల్లి పిల్లాణ్ని చంకనేసుకుని, రేవు దాటి, బస్సు పట్టుకుని రాజమహేంద్రవరమో కాకినాడో చేరేసరికి సగం రోజు గడుస్తుంది. కొత్త గది, కొత్త మనిషి. పిల్లాడు మొదటి పావుగంట ఏడుస్తాడు, చివరి పావుగంట కునుకుతాడు. మొత్తం ముప్పావుగంట. మూడేళ్ల పిల్లాడు రోజుకి పన్నెండు గంటలు మెలకువగా ఉంటాడనుకుంటే వారానికి 84 గంటలు. అందులో థెరపిస్టు చేతిలో ఉండేది ముక్కాలు గంట. మిగతా 83 గంటల 15 నిమిషాలూ వాడు అమ్మ దగ్గరో, మామ్మ దగ్గరో, పెరట్లో కోళ్ల వెంటో ఉంటాడు. చికిత్స ఎక్కడ జరగాలో ఈ లెక్కే చెబుతుంది.

ఈ సంగతి ముందుగా పట్టుకున్న వాళ్లలో ఒక తల్లి ఉంది. హాలీవుడ్ నటుడు స్పెన్సర్ ట్రేసీ భార్య లూయీజ్ ట్రేసీ. 1924లో పుట్టిన వాళ్ల అబ్బాయి జాన్ పసివాడుగా ఉండగా, తలుపు దడాలున పడినా నిద్ర లేవలేదు. అప్పుడు తెలిసింది వాడికి వినపడదని. తనే కూర్చుని కొడుక్కి మాట నేర్పుకున్న ఆ తల్లి 1942లో లాస్ ఏంజెలిస్‌లో కొడుకు పేరుతోనే ఓ క్లినిక్ పెట్టింది. అక్కడ పాఠాలు తల్లిదండ్రులకి! ఎక్కడో దూరాన ఉన్నవాళ్లకి ఉత్తరాల్లో పంపేవారు, అదీ ఉచితంగా. పోస్టులో వచ్చిన కాగితం చూసుకుంటూ వంటింట్లో బిడ్డకి మాటలు నేర్పిన తల్లులు దేశదేశాల్లో ఉన్నారు. తర్వాత 1975లో కెనడాలోని మాంట్రియల్‌లో అయాలా మనోల్సన్ అనే స్పీచ్ థెరపిస్టు, పిల్లల్ని ఒక్కొక్కరినే చూడటం మాని, వాళ్ల అమ్మానాన్నల్ని గుంపుగా కూర్చోబెట్టి శిక్షణ మొదలుపెట్టింది. హానెన్ పద్ధతిగా పేరుపడింది అదే. మన దగ్గర 1965లో మైసూరులో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలోనూ ప్రీస్కూల్‌లో తల్లులు పిల్లల పక్కనే కూర్చుని నేర్చుకుంటారు.

ఇంతకీ ఏం నేర్చుకుంటారు? ‘‘పిల్లాడితో ఎక్కువ మాట్లాడండి’’ అనే సలహా అందరికీ తెలిసిందే. అది వినగానే ఇంట్లోవాళ్లు చేసేది ప్రశ్నల వర్షం. ‘ఇదేంటి? చెప్పు! ఇదేం రంగు? మావయ్యకి చెప్పు! ఏనుగు ఎలా అరుస్తుంది? చెప్పమ్మా, నిన్న చెప్పావుగా!’ పిల్లాడు బిక్కమొహం వేసి అమ్మ కొంగు చాటుకి పోతాడు. మాటలు వచ్చిన మనకే ఇలా నిలదీస్తే నోరు ఎండిపోతుంది. శిక్షణ ఇచ్చేవాళ్లు మొదట మాన్పించేది ఈ పరీక్షలనే. హానెన్ పద్ధతిలో తల్లికి చెప్పే మొదటి పాఠం మూడు ముక్కలు... చూడు, ఆగు, విను.

ఈ మూడింటిలో ఆగడమే కష్టం. పిల్లాడి వైపు తిరిగి, వాడి కళ్లకి ఎదురుగా కూర్చుని, మనసులో ఒకటి నుంచి పదిదాకా లెక్కపెట్టాలి. నాలుగు దగ్గరే పెద్దవాళ్లకి ఉండబట్టదు. వాడి బదులు మనమే చెప్పేస్తాం. గుక్కెడు నీళ్లు కావాలని కుండ వైపు చూడగానే గ్లాసు నోటికి పెట్టేస్తాం. ప్రేమే! కానీ ఆ ప్రేమలో వాడికి నోరు విప్పే అవసరం లేకుండా పోతుంది. పిల్లాడి మనసు కనిపెట్టి అన్నీ అమర్చే మామ్మలున్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. గ్లాసు చేత్తో పట్టుకుని, వాడి మొహంలోకి నవ్వుతూ చూస్తూ పది లెక్కపెడితే ఏదో ఒకటి వస్తుంది. ఓ చూపు, ఓ వేలు, ఓ ‘ఊఁ’. అదే వాడి మాట. ‘‘నీళ్లు! నీళ్లు కావాలా!’’ అని ఇచ్చేయాలి. ‘నీళ్లు అంటేనే ఇస్తా’ అని బేరం పెట్టకూడదు. ఏడిపించి రాబట్టిన మాట నిలవదు.

పిల్లాడు ఒక మాట అంటే దానికి ఒకటి మాత్రమే కలపాలి. వాడు ‘తోక’ అంటే ‘పొడుగు తోక’. వాడు ‘గేదె’ అంటే ‘గేదె వచ్చింది’. గేదె మీద వ్యాసం అక్కర్లేదు. తప్పుగా అంటే సరిదిద్దనూ అక్కర్లేదు. మూడేళ్లకి ‘ర’ పలక్కపోవడం మామూలే. వాడు ‘లాలేదు’ అంటే, నవ్వకుండా, మళ్లీ అనమని అడగకుండా, ‘‘అవును, నాన్న రాలేదు’’ అని మనం సరిగ్గా అని ఊరుకుంటే చాలు. పిల్లలు ఎలా మాట్లాడతారో శ్రద్ధగా విన్నవాళ్లు ఈ నేల మీద లేకపోలేదు. ఒకప్పటి తూర్పు గోదావరి జిల్లా దంగేరులో 1891లో పుట్టిన చింతా దీక్షితులు, సూరి, సీతి, వెంకి అనే పిల్లల్ని తెలుగు సాహిత్యంలోకి తెచ్చింది అలా విన్న చెవితోనే.

ఇవేవీ కొత్తగా పుట్టిన విద్యలని చెప్పలేం. లాల పోసేటప్పుడు చెంబు నెత్తి మీద ఆపి ‘పోయనా... పోసేయనా...’ అని ఊరించడం ఏమిటి? కాళ్లాగజ్జి ఆడిస్తూ, పాట చివర మాట దగ్గర ఆగి పిల్ల మొహంలోకి చూడటం ఏమిటి? చక్కిలిగిలి పెట్టడానికి అరచేతి నుంచి చంకదాకా వేళ్లు నడిపిస్తూ మధ్యలో ఆగడం ఏమిటి? అన్నిట్లోనూ ఉన్నది ఆ ‘ఆగడమే’. తర్వాత ఏం జరగబోతోందో పిల్లకి తెలుసు. తెలిసింది జరగకపోయేసరికి అదే నోరు తెరిచి అడుగుతుంది. బువ్వ, లాల, జోజో, తాచి లాంటి ముద్దుమాటల్ని చదువుకున్న తల్లులు కొందరు చిన్నతనంగా అనుకుంటారు గానీ, అక్కర్లేదు. పెదాలతో, నాలుకతో తేలిగ్గా పలికే శబ్దాలు ఏరి కూర్చిన మాటలవి. ఏ నిఘంటు సంఘమూ చేయలేదు, అమ్మమ్మలే చేశారు.

మంచి శిక్షకురాలు మొదటిరోజు పిల్లాణ్ని ఒళ్లోకి తీసుకోదు. తల్లిని అయిదు నిమిషాలు పిల్లాడితో ఆడుకోమని, సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి చూస్తారు. ‘‘ఇక్కడ చూడండమ్మా, బాబు మీ వైపు చూశాడు. మీరు బొమ్మ వెతుకుతున్నారు.’’ అంతే, తిట్టు లేదు. తల్లికి తనే కనపడుతుంది. ఆ వారానికి పని ఒక్కటే ఇస్తుంది, అదీ ఇంట్లో జరిగే పనిలోంచి. రోజూ గంటసేపు ఆటవస్తువులతో కూర్చోమని చెప్పే సలహా ఊళ్లలో మూడోరోజుకి మూలపడుతుంది. మాసూళ్ల రోజుల్లో ఎవరికి తీరిక? రొయ్యలు వలిచే పనికి పోయే తల్లికి గంట ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే దింపు తీస్తుంటే దూరంగా నిలబడి ‘‘పడింది! కాయ పడింది!’’ అనడం, గోరుముద్ద చేతిలో పట్టుకుని ఓ క్షణం ఆగడం, చొక్కా తొడుగుతూ ‘‘చెయ్యేదీ... ఇదిగో చెయ్యి’’ అనడం. రోజూ చేసే పనే, పది క్షణాలు ఎక్కువ పడుతుంది.

కోడలి మీద పడే రాయి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. శిక్షణ తల్లికి ఇస్తున్నారంటే తప్పు తల్లిదని కాదు. చెవుడూ ఆటిజమూ ఎవరూ మాట్లాడకపోవడం వల్ల రావు. నాన్న, తాతయ్య, మామ్మ కూడా ఆ వీడియో చూస్తే ఇంట్లో నిందలు తగ్గుతాయి, పిల్లాడికి మాట్లాడే మనుషులు పెరుగుతారు.

ఇంగ్లిషు గొడవ ఒకటుంది. ఎల్‌కేజీ సీటు కోసం ‘‘డాగ్ చూడు, హ్యాండ్ వాష్ చేసుకో’’ అని పట్టుబట్టి మాట్లాడే ఇళ్లు రాజమహేంద్రవరంలోనే కాదు, పుంతల వెంబడి ఊళ్లలోనూ ఉన్నాయి. రెండు భాషలు వింటే మాట ఆలస్యమవుతుందన్నది అపోహే. కానీ అమ్మకి ఏ భాషలో కోపం, నవ్వు, కథ తన్నుకొస్తాయో ఆ భాషలోనే పిల్లాడికి నిండుగా మాట అందుతుంది. పాతిక ఇంగ్లిషు నామవాచకాలతో ఎవరూ కబుర్లు చెప్పలేరు.

ఫోను గొడవ దీనికన్నా పెద్దది. రెండేళ్లలోపు పిల్లలకి తెర అసలు చూపించొద్దనీ, రెండు నుంచి అయిదేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటనివ్వొద్దనీ భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. పాటలు వస్తున్నాయి కదా, మాటలు నేర్చుకుంటాడుగా అంటారు. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కుల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకి చైనా మాండరిన్ వినిపించింది. కొందరికి ఎదుట కూర్చున్న మనిషి చేత, కొందరికి అదే మనిషి టీవీలో. ఎదుటి మనిషి దగ్గర విన్నవాళ్లు ఆ శబ్దాల తేడాలు పట్టుకున్నారు. టీవీ చూసినవాళ్లకి ఏమీ అంటలేదు. తెర మాట్లాడుతుంది గానీ, పిల్లాడు ‘ఊఁ’ అన్నప్పుడు ఆగదు.

మరి కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లిన తల్లుల మాటేమిటి? పరాయి పిల్లల్ని పెంచడానికి వెళ్లి, తమ పిల్లల్ని మామ్మకి అప్పగించినవాళ్లు. వాళ్లకి ఉన్నదల్లా ఆ ఫోనే. వాళ్లకోసం చెప్పుకోదగ్గ మాట ఒకటుంది. 2014లో వెలువడిన ఓ అమెరికా పరిశోధనలో రెండు, రెండున్నరేళ్ల పిల్లలు రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త మాటలు నేర్చుకోలేదు. అదే మనిషి వీడియో కాల్‌లో పిల్లాడి మాటకి మాట ఇస్తూ మాట్లాడితే, ఎదురుగా కూర్చుని చెప్పినంతగా నేర్చుకున్నారు. అంటే శుక్రవారం సెలవు దొరికిన అమ్మ కువైట్ నుంచి చేసే కాల్ వృథా కాదు. కానీ ఆ కాల్ ‘‘అన్నం తిన్నావా? నేనెవర్ని? అమ్మ అను!’’ దగ్గరే ఆగిపోతే పిల్లాడు రెండు నిమిషాలకి పారిపోతాడు. మామ్మ ఫోను కదలకుండా పట్టుకుని, పిల్లాడు చూపించే దూడనే అమ్మకీ చూపించాలి. వాడు దూడ వైపు తిరిగితే అమ్మ దూడ గురించే మాట్లాడాలి. ఈ శిక్షణ ఇద్దరికీ కలిపి ఇవ్వాలి, ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ.

స్పీచ్ థెరపిస్టులు పట్నాల్లోనే ఉన్నా, అంగన్‌వాడీ ప్రతి ఊళ్లో ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ చేతిలో ఇంటింటికీ వెళ్లే మనిషి ఉంది. అలాంటి మనిషి ఏం చేయగలదో జమైకా చూపించింది. 1980ల చివర కింగ్‌స్టన్ పేటల్లో ఎదుగుదల లేని పిల్లల ఇళ్లకి ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి, రెండేళ్లపాటు వెళ్లి, ఎలా ఆడించాలో, ఎలా మాట్లాడించాలో తల్లులకి చేసి చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ పిల్లల సంపాదన అలాంటి శిక్షణ అందని తోటివాళ్లకన్నా పాతిక శాతం ఎక్కువ ఉంది. అదే పద్ధతిని మన పక్క రాష్ట్రం ఒడిశాలోని కటక్ మురికివాడల్లోనూ అమలు చేసి చూశారు, పిల్లల బుద్ధి వికాసంలో మేలు కనిపించింది. మూడేళ్లలోపు పిల్లలతో ఇంట్లో ఎలా మెలగాలో చెప్పే ‘నవచేతన’ చట్రాన్ని కేంద్రం 2024లో విడుదల చేసింది. కాగితం మీద బాగానే ఉంది. రిజిస్టర్లు, యాప్‌లు, కోడిగుడ్ల లెక్కల మధ్య అంగన్‌వాడీ టీచర్‌కి ఓ తల్లి పక్కన అరగంట కూర్చునే వీలు దొరికితేనే అది ఇంటిదాకా వస్తుంది.

జమైకాలో ఆ కార్యకర్తలు కొన్న బొమ్మలు పట్టుకెళ్లలేదు. ఖాళీ సీసాలు, మూతలు, అట్టముక్కలతో బొమ్మలు చేశారు. డెల్టాలో ఆ కొరత అసలే లేదు. తాటిబుర్రల బండి, కొబ్బరి చిప్పల తక్కెడ, కొబ్బరాకు బూర... ముఖ్యంగా బూర. తాతయ్య ఆకు చుట్టి ఒక్కసారి ఊది, చటుక్కున ఆపి, మనవడి వైపు చూస్తూ కూర్చుంటే, పదిదాకా లెక్కపెట్టే పని ఉండకపోవచ్చు.